ఊడ్చే పని మున్సిపాలిటీకి సొంత పని కాదా?

అక్కలకీ, అన్నలకీ, మన పిలుపు విని వచ్చిన కౌన్సిలర్లకీ నమస్కారం. తెల్లవారకముందే మస్తరుకి వెళ్ళి, డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు, కాబట్టి అసలు విషయానికే వస్తాను.

మా అమ్మ ఇరవై రెండేళ్ళు ఒకే వార్డులో ఊడ్చింది. వీధులు అవే, చీపురు అదే, కాంట్రాక్టర్ మాత్రం మారుతూ ఉండేవాడు. కొత్తవాడు వచ్చినప్పుడల్లా ఆమె సర్వీసు మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క. మోకాళ్ళు పోయి ఇంట్లో కూర్చున్నాక గ్రాట్యుటీ అడిగితే, ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు చేసినట్టు కాగితం తెమ్మన్నారు. చట్టం ప్రకారం ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున రావాలి. ఒక్క రూపాయి రాలేదు.

ఇది ఒక చెడ్డ కాంట్రాక్టర్ చేసిన పని అయితే వాడితో పోట్లాడి ఊరుకునేవాళ్ళం, కానీ దీనికి దారి ఇచ్చింది చట్టమే. 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టాన్ని మన ఉమ్మడి రాష్ట్రం 2003లో సవరించి, సంస్థ ప్రధాన పనుల్లో కాంట్రాక్టు కుదరదని చెబుతూనే, ఊడవడం, చెత్త ఎత్తడం లాంటివి ఆ ప్రధాన పనుల్లోకి రావని రాసింది. అదే వాక్యంలో ఇంకో ముక్క ఉంది, అది ఎవరూ చదివి వినిపించరు: సంస్థను ఆ పని కోసమే పెట్టి ఉండకపోతేనే ఈ మినహాయింపు. మరి మున్సిపాలిటీని దేనికి పెట్టారండీ? రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు తీసి చూడండి, ఆరో అంశంలోనే ప్రజారోగ్యం, పారిశుధ్యం, చెత్త నిర్వహణ అని ఉంది.

2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ అదే నిర్వచనం. పైగా ఏ పనైనా మామూలుగా కాంట్రాక్టర్ చేతే జరుగుతుంటే అలాగే కొనసాగించుకోవచ్చన్న సందు కూడా పెట్టారు. అంటే ఇన్నేళ్ళు మనకు జరిగిన అన్యాయమే రేపటి అన్యాయానికి సాక్ష్యం అవుతుందన్నమాట! అందుకే మన మొదటి డిమాండ్ చిన్నదే: మున్సిపాలిటీల్లో పారిశుధ్యం, నీటి సరఫరా ప్రధాన పనులేనని అసెంబ్లీలో స్పష్టంగా చట్టం చేయాలి. కాంట్రాక్టర్ మారినా, ఏజెన్సీ మారినా పాత సర్వీసు కలిసి రావాలని కూడా అందులోనే రాయాలి.

2020లో ఆప్కాస్, అంటే ఔట్‌సోర్సింగ్ వాళ్ళ కోసం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే పెట్టిన కార్పొరేషన్, వచ్చాక మధ్యలో కమీషన్ తినేవాళ్ళు తగ్గారు, అది మంచి మార్పే, ఒప్పుకుంటాను. కానీ మన పేరు పక్కన ఔట్‌సోర్సింగ్ అన్న మాట అలాగే ఉండిపోయింది. కోర్టులు ఇంతకన్నా ముందుకు వెళ్ళాయి. 1998 నుంచి పనిచేస్తున్నామన్న ఘజియాబాద్ మున్సిపల్ తోటమాలుల కేసులో, వాళ్ళు కాంట్రాక్టర్ మనుషులన్న వాదనను సుప్రీంకోర్టు 2025 జనవరిలో కొట్టేసి, తిరిగి పనిలోకి తీసుకోమని, సగం పాత జీతం ఇవ్వమని, పర్మనెంట్ చేసే ప్రక్రియ మొదలుపెట్టమని చెప్పింది. అయితే ఒక్కొక్కరం కోర్టు మెట్లెక్కాలంటే మన ఆయుష్షు సరిపోదు, చట్టమే మారాలి.

ఇంకోటి ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమా. దానికి అర్హత ఇచ్చే నెల జీతం పరిమితి 2017 నుంచి 21,000 దగ్గరే ఆగిపోయింది. జీతం పెంచమని సమ్మె చేస్తాం, పెరిగితే ఆస్పత్రి కార్డు పోతుందేమోనని టెన్షన్ పడతాం. రోజూ దుమ్మూ మురుగూ పీల్చేవాళ్ళకి పరిమితితో పని లేకుండా వైద్యం ఉండాలి. ప్రసూతి సెలవు 26 వారాలు, అది బదిలీ మనిషిని పెట్టుకునే షరతు లేకుండా ఇవ్వాలి. రక్షణ పరికరాలు లేకుండా మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, చనిపోతే 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు కోసం భార్యాపిల్లలు ఆఫీసుల చుట్టూ తిరగకుండా గడువు పెట్టాలి.

కౌన్సిలర్లను ఒకటే అడుగుతున్నా. వచ్చే కౌన్సిల్ మీటింగ్‌లో ఈ సవరణ కోరుతూ తీర్మానం పెట్టండి. ముసాయిదా మేమే రాశాం, ఈ బల్ల మీదే ఉంది, వెళ్ళేముందు చదివి సంతకం పెట్టి వెళ్ళండి.