నంబరు దిగేదాకా

అందరికీ నమస్కారం. నేను స్లైడ్లు తేలేదు, ఈ నాలుగు గీతల కాపీ పుస్తకం తెచ్చాను. ముందు పేజీల్లో రెండో తరగతి పిల్లాడి గుణింతాలు, వెనక పేజీల్లో వాళ్లమ్మ రాసుకున్న అంకెలు. ఆమెను అడిగే తెచ్చాను.

చదువుతాను వినండి. 48,000. తర్వాతి వారం 9,200. ఆ తర్వాత 1,150. అక్కణ్నుంచి 1,180, 1,120, 1,160.

ఆమెది ముత్యాల గర్భం. బిడ్డకు బదులు గర్భసంచిలో ద్రాక్షగుత్తుల్లా నీటిబుడగలు పెరిగాయి, శుభ్రం చేశారు. "అయిపోయిందమ్మా, ఇక వెళ్లు" అని పంపేసి ఉంటే కథ వేరేగా ఉండేది. ఒక సిస్టరమ్మ మాత్రం వారం వారం గర్భం హార్మోను రక్తపరీక్ష బీటా హెచ్‌సీజీ చేయించుకుని రాసుకోమంది. చివరి నాలుగు అంకెలు చూడండి. మూడు వారాల పాటు ఇలా ఒకేచోట చతికిలబడ్డాయంటే జబ్బు క్యాన్సర్ దారి పట్టినట్టే. బయాప్సీ అక్కర్లేదు, పైగా ముక్క తీయబోతే రక్తం ఆగకపోవచ్చు. పూర్తి ముత్యాల గర్భం, అంటే బిడ్డ అసలు ఏర్పడని రకం, వచ్చినవాళ్లలో నూటికి 15 నుంచి 20 మందికి ఇలా అవుతుంది.

ఛాతీ ఎక్స్‌రే, స్కానింగ్ చూసి ప్రమాదం ఎంతో స్కోరు వేస్తాం. ఆరు దాటకపోతే చాలామందికి మెథోట్రెక్సేట్ అనే కీమో మందు ఒక్కటే సరిపోతుంది. సరిపోకపోతే ఆ సంగతీ ఈ నంబరే చెబుతుంది, మందు మారుస్తాం. స్కోరు తక్కువున్నవాళ్లలో దాదాపు అందరికీ నయమయ్యే క్యాన్సర్ ఇది.

ఎప్పుడు ఆపాలన్నదే అసలు ప్రశ్న. 1956లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ ఈ మందుతో ఊపిరితిత్తులకు పాకిన జబ్బును కరిగించారు. ఎక్స్‌రేలో గడ్డలు పోయాయి, హెచ్‌సీజీ మాత్రం కాస్త మిగిలింది. లీ మందు ఆపలేదు. కంటికి కనబడని జబ్బుకి విషం ఎక్కిస్తున్నాడని ఆయన్ని ఉద్యోగంలోంచి సాగనంపారు. తీరా చూస్తే ముందే ఆపేసినవాళ్లకు జబ్బు తిరగబెట్టింది, ఆయన పేషెంట్లు బాగున్నారు. అందుకే ఇప్పుడు నంబరు మామూలుకి వచ్చాక కూడా ఇంకో మూడు కోర్సులు ఇస్తాం. అన్నట్టు, ఆ మందు అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబుల నుంచి వచ్చింది. అక్కడ పరిశోధన నడిపినాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. 1948లోనే పోయారు, ఈ ఫలితం చూడలేదు.

మందు చవకే. భారమంతా బస్సు ఛార్జీ, పోయిన కూలి, పిల్లల్ని ఎవరు చూస్తారన్న టెన్షన్. ఫాలోఅప్ పరీక్షకి మనిషిని రప్పించకండి, రక్తాన్ని రప్పించండి. ఊరి దగ్గర పీహెచ్‌సీలో తీసి, సీరం వేరుచేసి, ఐస్‌లో పెట్టి పంపితే చాలు. కానీ ప్రతిసారీ ఒకే ల్యాబుకి. కిట్ మారితే అంకె మారుతుంది, లేని పెరుగుదల చూసి మనం కంగారుపడతాం.

ఇంకో జాగ్రత్త. నంబరు చాలాకాలం కదలకుండా ఉంటే, కీమో పెంచేముందు మూత్రంలో చూడండి. కొందరి రక్తంలో ఉండే యాంటీబాడీలు కిట్‌ని మోసం చేస్తాయి, అవి మూత్రంలోకి దిగవు. రక్తంలో ఉండి మూత్రంలో లేకపోతే ఆ నంబరు ఉత్తిదే కావచ్చు. అమెరికాలో ఇలా లేని క్యాన్సర్‌కి కీమో తీసుకుని, గర్భసంచి కూడా పోగొట్టుకున్న ఆడవాళ్లున్నారు. అయితే ప్రెగ్నెన్సీ స్ట్రిప్ సుమారు 25 దాటితేనే గీత చూపిస్తుంది. రక్తంలో నంబరు 50 పైన ఉన్నప్పుడే ఈ చిట్కా నమ్మండి.

రక్తంలో క్యాన్సర్ జాడ చెప్పే మార్కర్లన్నీ ఇంత బుద్ధిమంతులు కావు. పొట్టలో నీరు చేరిన ఒకమ్మాయి అండాశయ క్యాన్సర్‌కి చూసే సీఏ 125 రక్తపరీక్ష రిపోర్టు పట్టుకుని వచ్చింది, నాలుగొందల పైచిలుకు. ఇంట్లో అప్పటికే ఏడుపులు. తేలింది టీబీ. ఆరు నెలల మందులతో పొట్టా తగ్గింది, నంబరూ తగ్గింది. నెలసరిలోనూ, గర్భసంచి లోపలి పొర బయట పెరిగే ఎండోమెట్రియోసిస్‌లోనూ, లివర్ జబ్బులోనూ అది పెరుగుతుంది. ఏ బాధా లేనివాళ్లకి హెల్త్ ప్యాకేజీల్లో అది కలిపి అమ్మడం నా దృష్టిలో డబ్బు గుంజడమే. అండాశయ క్యాన్సర్ తగ్గినవాళ్లలో కూడా, అది పెరగగానే అయిదు నెలలు ముందుగా కీమో మొదలుపెట్టినా ఆయుష్షు పెరగలేదని 2010లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన పరిశోధన తేల్చింది. రిపోర్టు ఎటు వచ్చినా మనం చేసేది ఒకటే అయితే ఆ చీటీ రాయకండి. ఆ డబ్బుతో ఈ పుస్తకం ఆమెకి రెండు వారాల హెచ్‌సీజీ అవుతుంది.

ఈ పుస్తకం చివరి పేజీకి వద్దాం. 38, 6, 2, 2, 2. మామూలుకి దిగింది. తర్వాత ఏడాదికి సరిపడా తారీఖులు తనే ముందుగా గీతల మీద రాసుకుంది, నెలకొకటి. మూడు నిండాయి. నాలుగోది వచ్చే మంగళవారం, ఈలోగా పుస్తకం వెనక్కి ఇచ్చేయాలి. ఎవరైనా ఫొటో తీసుకుంటారా? అంకెలు మాత్రమే తీయండి, అట్ట మీద పిల్లాడి పేరుంది.