లైన్లో సంచి పెట్టి వెళ్ళినట్టు

హోస్ట్: నమస్కారం. గుంటూరు బ్రాడీపేటలో అక్క వాళ్ళింట్లోనే కూర్చుని రికార్డ్ చేస్తున్నాం, మధ్యమధ్యలో ఫ్యాన్ చప్పుడూ ఆటో హారన్లూ వినిపిస్తే ఏమనుకోకండి. అక్కకి పదకొండేళ్ళ బాబు, వాడికి ఆటిజం. పేర్లు వద్దన్నారు, చెప్పను. వేసవి సెలవులొస్తున్నాయి, అందరూ పిల్లల్ని తీసుకుని థీమ్ పార్కులకీ వాటర్ పార్కులకీ బయల్దేరతారు, అందుకే అక్కడి క్యూల గురించి మాట్లాడదాం అనుకున్నాం. అక్కా, ఆ రోజు సంగతితోనే మొదలుపెడదామా?

అతిథి: పెడదాం తమ్ముడూ. రెండేళ్ళ కిందటి మాట, పార్కు పేరు వద్దులే. మావాడికి గుండ్రంగా తిరిగేవంటే ప్రాణం, ఫ్యాన్ని చూస్తూ గంట కూర్చోగలడు. అలాంటి రైడ్ ఉందని నెల ముందు నుంచీ వీడియోలు చూపించి సిద్ధం చేశాం. తీరా వెళ్తే ఇనప కడ్డీల మధ్య మెలికలు తిరిగే లైను, పైన రేకులు, పక్కనే డీజే. ఎంతసేపు పడుతుందని అడిగితే "అయిపోద్దమ్మా, అయిపోద్ది" అంటారు. పది నిమిషాలు బాగానే ఉన్నాడు. తర్వాత చెవులు మూసుకున్నాడు. ఆ తర్వాత ఎడమ మణికట్టు కొరుక్కోవడం మొదలుపెట్టాడు, భరించలేనప్పుడు అదే చేస్తాడు, పళ్ళ గుర్తులు పడి ఎర్రగా కమిలిపోయింది. బయటికి తీసుకెళ్దామంటే ముందూ వెనకా జనం, రెండు పక్కలా కడ్డీలు.

హోస్ట్: అక్కడున్న స్టాఫ్‌కి చెప్పలేదా?

అతిథి: చెప్పాను. సదరం సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ఎప్పుడూ బ్యాగులోనే పెట్టుకుంటాను, అదీ చూపించాను. ఆ అబ్బాయి కాగితం చూశాడు, మావాడి కాళ్ళు చూశాడు, "నడుస్తున్నాడుగా మేడమ్" అన్నాడు. అతన్ని తప్పుపట్టను, ఇలాంటి పిల్లలు కూడా వస్తారని అతనికి ఎవరూ చెప్పి ఉండరు. చివరికి జాలిపడి ఎగ్జిట్ గేటు తీసి మమ్మల్ని అందరికంటే ముందు నిలబెట్టాడు. లైన్లో ఇద్దరు పిల్లలతో ఉన్న ఒకాయన "మా పిల్లలు ఇంతసేపు ఎండలో నిలబడలేదా?" అన్నాడు. నాకు కోపం రాలేదు, ఎందుకంటే ఆయన అన్నది నిజం. కానీ నేను ముందుకు పంపమని అడగనే లేదు తమ్ముడూ! బయట నీడలో కూర్చుంటాం, మా వంతొచ్చినప్పుడు పిలవండి అన్నాను. అలా కుదరదన్నారు. అయితే లైన్లో నిలబడాలి, లేదంటే అందర్నీ దాటి వెళ్ళాలి, వాళ్ళకి తెలిసినవి ఆ రెండే.

హోస్ట్: మనకి మూడోది చిన్నప్పటి నుంచీ తెలుసు కదా. రేషన్ షాపు ముందు సంచి పెట్టి వెళ్ళడం.

అతిథి: అదే! మా అమ్మ కిరోసిన్ లైన్లో డబ్బా పెట్టి ఇంటికొచ్చి కూర పొయ్యి మీద వేసి మళ్ళీ వెళ్ళేది. ఈలోపు వెనకాల ఉన్నవాళ్ళు కాలితో ఆ డబ్బాని జరుపుతూ ఉండేవాళ్ళు. ఎవరూ గొడవ పెట్టుకునేవాళ్ళు కాదు, మనిషి లేకపోయినా డబ్బా లైన్లోనే ఉంది కాబట్టి. ఇక్కడ కొత్తపేటలో ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా అంతే, పొద్దున్నే టోకెన్ తీసుకుని టిఫిన్ చేసి వస్తాం. తిరుమలలో పెద్దవాళ్ళకీ దివ్యాంగులకీ విడిగా టైం ఇచ్చి పంపిస్తున్నారు. మనకి కొత్త విషయమేం కాదిది.

హోస్ట్: నేను చదివినంతలో అమెరికాలో డిస్నీ పార్కులు చేసేది కూడా సరిగ్గా ఇదే. ఇంతకుముందు వాళ్ళ దగ్గర ఒక కార్డు ఉండేది, అది చూపిస్తే చాలాసార్లు నేరుగా ముందుకెళ్ళేవాళ్ళు. 2013లో ఒక పత్రిక రాసింది, డబ్బున్న కొందరు వికలాంగుల్ని గంటకి 130 డాలర్లిచ్చి తోడు తెచ్చుకుని, వాళ్ళని చూపించి క్యూలు దాటేస్తున్నారని. ఆ ఏడాది అక్టోబర్‌లో పాత కార్డు తీసేసి డిసెబిలిటీ యాక్సెస్ సర్వీస్ అని పెట్టారు, డాస్ అంటారు. ఇప్పుడు లైను ఎంతసేపుంటే దాదాపు అంతసేపటి తర్వాత రమ్మని టైం ఇస్తారు. ఈలోపు నువ్వు ఎక్కడైనా కూర్చో, అన్నం తిను.

అతిథి: అంటే ఎదురుచూడటం తప్పదు, నిలబడటం తప్పుతుంది. అంతే కావాల్సింది.

హోస్ట్: అక్కడా గొడవలున్నాయి అక్కా. 2024లో దాన్ని ప్రధానంగా ఆటిజం లాంటి ఎదుగుదలకి సంబంధించిన సమస్యలున్నవాళ్ళకే అని కుదించారు. డాక్టర్ సర్టిఫికెట్ అడగరు, వాళ్ళ మనిషితో వీడియో కాల్‌లో మాట్లాడి మీ అవసరం ఏమిటో చెప్పాలి, అబద్ధమని తేలితే ఇక జీవితంలో పార్కులోకి రానివ్వరు. పేగుల జబ్బుతో ఉన్నట్టుండి బాత్రూంకి పరిగెత్తాల్సినవాళ్ళు, ఎండలో కళ్ళు తిరిగి పడిపోయేవాళ్ళు మా సంగతేంటని అడుగుతున్నారు, కోర్టుల దాకా వెళ్ళింది.

అతిథి: వాళ్ళు అడిగేది న్యాయమే. నా బిడ్డకి ఆ వెసులుబాటు దొరికిందని, పేగుల జబ్బున్న ఇంకో తల్లి బిడ్డని లైన్లో నిలబెట్టమంటే నేను ఒప్పుకోను. ఏం జబ్బు అని కాదు, లైన్లో నిలబడితే నీకు ఏమవుతుంది అని అడగాలి.

హోస్ట్: మన దగ్గర చట్టం చూస్తే బలంగానే ఉంది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో వాటిని మొత్తం 21 చేశారు, ఆటిజం, తలసీమియా, పార్కిన్సన్స్ అన్నీ ఉన్నాయి. ప్రైవేటు వాళ్ళయినా సరే, జనానికి సేవలందించే ప్రతి సంస్థా అందరికీ అందుబాటులో ఉండేలా చూసుకోవాలని అందులో రాశారు. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, ఈ నియమాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సినవి ఉండాలని. మూడు నెలల్లో అలాంటివి తయారుచేయమంది.

అతిథి: చట్టం ఉండటం మంచిదే, కానీ గేటు దగ్గర అబ్బాయికి అది చేరాలి కదా. ఆ కడ్డీల లైన్లో వీల్‌చైర్ అసలు మలుపే తిరగదు. నేను చూశాను, ఒక తాతగారిని కుర్చీతో సహా నలుగురు ఎత్తి దాటించారు, ఆయన తలెత్తలేదు.

హోస్ట్: వీల్‌చైర్ పూర్తిగా తిరగాలంటే ఐదడుగుల జాగా కావాలి. ర్యాంపు ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవుండాలి. చాలాచోట్ల మూడడుగుల్లో కట్టేసి ర్యాంపు ఉందంటారు, దాని మీద కుర్చీ తోసేవాళ్ళే జారిపోతారు.

అతిథి: ఇంకొకటి, కొన్ని రైడ్లు ఎక్కనివ్వరు. చేత్తో గట్టిగా పట్టుకోగలగాలి, మధ్యలో ఆగిపోతే దిగి నడవగలగాలి అంటారు, ప్రాణాల మీదికి వచ్చేది కాబట్టి అది అర్థమవుతుంది. ఆ మాటేదో టికెట్ కౌంటర్ దగ్గరే చెప్పండి. డబ్బు కట్టించుకుని, లోపలికెళ్ళాక, పిల్లాడి ముందు కాదు.

హోస్ట్: మరి బాగా జరిగిన రోజు ఒక్కటైనా ఉందా?

అతిథి: ఉంది. మొన్న సంక్రాంతికి విజయవాడలో మా ఆడపడుచు వాళ్ళింటికి వెళ్ళాం, దగ్గర్లో ఎగ్జిబిషన్ పెట్టారు. జెయింట్ వీల్ దగ్గర పెద్ద లైను. టికెట్లు చింపే ఆయనకి యాభై ఏళ్ళుంటాయి, చెప్పాను ఇలా అని. ఆయన లైను వైపు చూసి లెక్కేసుకుని, చెవి మీద పెట్టుకున్న పెన్ను తీసి, మావాడి ఎడమ మణికట్టు మీద 6:40 అని రాశాడు. "ఆ టైంకి రా నాన్నా, నీ డబ్బా నీకుంటుంది" అన్నాడు. మావాడికి అంకెలంటే ఇష్టం. ఎప్పుడవుతుందో తెలియకపోవడమే వాడికి నరకం, టైం చెబితే చాలు. అరగంట సేపు నా ఫోన్లో గడియారం, చేతి మీద అంకెలు, మార్చి మార్చి చూసుకున్నాడు. కొరుక్కోలేదు. 6:38కి తనే నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాడు.

హోస్ట్: ఎక్కించుకున్నారా టైంకి?

అతిథి: 6:40కే. ఆ తర్వాత రెండు రోజులు స్నానం చేయించేటప్పుడు ఎడమ చేతిని బకెట్‌కి దూరంగా పైకెత్తి పట్టుకునేవాడు, అంకెలు పోతాయని.