పేరు గిబ్సన్, గిటారు ఎవరిదో

నమస్కారం. నా చేతిలో ఉన్న ఈ గిటారు చూడండి. పైన గిబ్సన్ అని రాసి ఉంది, అమెరికాలో పేరున్న గిటార్ల కంపెనీ అది. మోడల్ లెస్ పాల్. మా క్లాసుకి వచ్చే ఒక అబ్బాయి డిగ్రీ చదువుతూ, సాయంత్రాలు డెలివరీలు చేసి కూడబెట్టుకున్న 55 వేలు పెట్టి దీన్ని ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. "కొత్తదైతే రెండు లక్షలు దాటుతుంది సార్" అని మురిసిపోతూ తెచ్చాడు. చేతిలోకి తీసుకోగానే ఇది నకిలీదేమోనని నాకు అనుమానం వచ్చింది. ఎలా చెప్పాలో తెలియక, శ్రుతి చేస్తున్నట్టు ఐదు నిమిషాలు తల వంచుకుని కూర్చున్నాను.

ఇక్కడ చూడండి. హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే పై భాగం మీద ఈ చిన్న రేకు, ట్రస్ రాడ్ కవర్. మెడ వంగకుండా లోపల ఉండే ఇనప కడ్డీకి ఇది మూత. గిబ్సన్ లెస్ పాల్‌కి ఇది రెండు స్క్రూలతో ఉంటుంది. దీనికి మూడు. కవర్ తీస్తే, గిబ్సన్‌లో పానాతో తిప్పే నట్టు కనిపించాలి. ఇందులో ఎలెన్ కీ, అంటే ఆరు పలకల కడ్డీ తాళం పెట్టే రంధ్రం ఉంది. ఇక ఫ్రెట్ల, అంటే మెడ మీద అడ్డంగా ఉండే ఈ లోహపు కడ్డీల అంచులు! చెయ్యి పైకీ కిందకీ జరిపితే వేళ్లు గీరుకుపోతున్నాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇలాంటిది పట్టుకుంటే తప్పు గిటారుదని అనుకోరు, తమకే చేతకాదనుకుని మానేస్తారు. నాకు అన్నిటికంటే బాధ అదే.

స్క్రూలు రెండే ఉన్నాయి కదా అని నిశ్చింతగా ఉండకండి. నకిలీలు చేసేవాళ్లూ నేర్చుకుంటున్నారు, సీరియల్ నంబర్లు కూడా కాపీ కొడుతున్నారు. 2024లో అమెరికాలోని లాస్ ఏంజిలస్-లాంగ్ బీచ్ రేవులో కస్టమ్స్ వాళ్లు ఆసియా నుంచి వచ్చిన నకిలీ గిబ్సన్ గిటార్లు 3,000కు పైగా పట్టుకున్నారు. ఒరిజినల్ అయితే వాటి ధర కోటీ 80 లక్షల డాలర్లు దాటేది. అవి దొరికినవి మాత్రమే.

"డూప్లికేట్ అని తెలిసే కొంటున్నాను, నేను ఎవర్ని మోసం చేస్తున్నాను?" అని చాలామంది నన్ను అడుగుతారు. ఈ గిటారుని మొదట కొన్న మనిషి కూడా బహుశా అలాగే అనుకుని ఉంటాడు. మోజు తీరాక అమ్మేశాడు. చేతులు మారేకొద్దీ 'డూప్లికేట్' అన్న మాట జారిపోయింది, పైన రాసిన పేరు మాత్రం మిగిలింది. చివరికి నష్టపోయింది మా క్లాసు అబ్బాయి.

తక్కువ ధరకి కొనడం తప్పని నేను అనను. అదే గిబ్సన్ కంపెనీ ఎపిఫోన్ పేరుతో చైనాలో చేయించే లెస్ పాల్‌లు చాలా తక్కువకి వస్తాయి, శుభ్రంగా మోగుతాయి. నాకు అభ్యంతరం పేరు దొంగిలించడం మీదే. మన బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో సర్వసిద్ధి వారి కుటుంబాలు పనస మొద్దుని తొలిచి, ఒకే చెక్కతో ఏకాండి వీణ చేస్తాయి. తరతరాల పని అది. బొబ్బిలి వీణకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతానిదే అనే గుర్తింపు కూడా ఉంది. ఇంకెక్కడో చేసిన వీణకి బొబ్బిలి అని చీటీ అంటించి అమ్మితే మనకి కడుపు మండదా? గిబ్సన్‌లు తయారయ్యే అమెరికా ఊరు నాష్‌విల్‌లో గిటారు చేసే పనివాడికీ అంతే మండుతుంది.

కొనేముందు ట్రస్ రాడ్ కవర్ తీసి ఫోటో పంపమనండి, అసలు బిల్లు అడగండి. వీలైతే తెలిసినవాళ్లని వెంటబెట్టుకుని వెళ్లి చూసి, వాయించి, అప్పుడు డబ్బు ఇవ్వండి. ఫోటో పంపడానికి నసిగితే వదిలెయ్యండి.

మా అబ్బాయికి డబ్బు తిరిగి రాలేదు. అమ్మినవాడు ఫోన్ ఎత్తడం మానేశాడు. "నేనూ ఇంకొకరికి అమ్మేస్తే?" అని ఒకసారి అడిగాడు. మర్నాడు తనే వచ్చి "వద్దు సార్" అన్నాడు. ఈ వీడియో అయ్యాక ఇద్దరం కలిసి ఫ్రెట్ల అంచులు నున్నగా చేసి, పైన ఆ పేరుని గరుకు కాగితంతో గీకేస్తాం. ఆకురాయి పట్టుకుని ఇక్కడే పక్కన కూర్చున్నాడు.