మాత్ర వేసుకునేవారు మునగాకు తినవచ్చునా?

శ్రోతలకు నమస్కారం.

గుండెకు లోహపు కవాటం అమర్చిన తరువాత, రక్తం త్వరగా గడ్డకట్టకుండా వైద్యులు వార్ఫరిన్ గాని ఎసిట్రోమ్ గాని వాడమంటారు. మాత్రతో పాటే, ఆకుకూరలు ముట్టకూడదన్న సలహా కూడా ఎవరి ద్వారానో ఇంటికి చేరుతుంది. ఆ సలహా సంగతి తేల్చే ముందు ఈ మందు పుట్టిన వైనం చెప్పాలి. ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

1933 ఫిబ్రవరిలో, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఒక రైతు చనిపోయిన పెయ్యను, పాలక్యానులో పట్టిన రక్తాన్ని, కొంత ఎండుగడ్డిని ట్రక్కులో వేసుకొని, మంచు తుఫానులో దాదాపు 300 కిలోమీటర్లు ప్రయాణించి మాడిసన్ నగరానికి వచ్చాడు. క్యానులోని రక్తం గడ్డకట్టలేదు. పశువైద్య కార్యాలయం మూసి ఉండడంతో అతడు కార్ల్ పాల్ లింక్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలకు చేరాడు. అతని పశువులు ఒకదాని వెంట ఒకటి రక్తస్రావంతో చనిపోతున్నాయి. తప్పు గడ్డిది, అంటే బూజు పట్టిన స్వీట్ క్లోవర్‌ది. ఆ గడ్డి మాన్పించి, పశువులకు మంచి రక్తం ఎక్కించమనడం తప్ప లింక్ ఆ రోజు ఏమీ చేయలేకపోయారు. కాని ఆయన బృందం పట్టు విడువక, 1939లో ఆ గడ్డిలోని డైకుమరాల్ అనే పదార్థాన్ని వేరుచేసింది. దాని సంతతిలోనిదే వార్ఫరిన్. అది 1948లో ఎలుకల మందుగా బజారుకు వచ్చి, 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది.

రక్తం గడ్డకట్టడానికి అవసరమైన కొన్ని ప్రోటీన్లను కాలేయం విటమిన్ కె సాయంతో సిద్ధం చేస్తుంది. వార్ఫరిన్ ఆ విటమిన్‌కు అడ్డుపడుతుంది. మునగాకు, తోటకూర, పాలకూర ఆ విటమిన్‌ను సమృద్ధిగా అందిస్తాయి. కనుక ఆకుకూర ఒక్కసారిగా పెరిగితే మాత్ర బలం తగ్గి కవాటంపై గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. ఒక్కసారిగా మానేస్తే మాత్ర బలం పెరిగి రక్తస్రావం కావచ్చు. మానేయడం కూడా ప్రమాదమే అన్న సంగతి మనవాళ్ళు తరచుగా మరచిపోతారు.

అందువల్ల ఆకుకూరలు మానవద్దు, తినే మోతాదు మార్చవద్దు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే రెండుసార్లే తినండి. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో తెలిపే ఐఎన్ఆర్ పరీక్ష చూసి, వైద్యులు మాత్రను మీ భోజనానికి తగినట్లు సరిచేస్తారు. ఆషాఢంలో మునగాకు తినాలన్న ఆచారం మంచిదే, కాని ఏడాదంతా ముట్టనివారు ఆ నెలలో రోజూ తింటే లెక్క తప్పుతుంది. కార్తీక ఉపవాసాలతోనూ ఇదే చిక్కు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడేవారికి ఆకుకూరల పట్టింపు లేదు, ఎందుకంటే అవి పనిచేసేది విటమిన్ కె మీద కాదు, గడ్డ కట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు అనే రక్తకణాలపైన. రక్తం గడ్డకట్టకుండా వాడే ఎపిక్సబాన్ వంటి కొత్త మందులకూ విటమిన్ కెతో పేచీ లేదు. అయితే లోహపు కవాటం ఉన్నవారికి అవి పనికిరావు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కూర కాదు, డబ్బా. మునగాకు పొడి, వెల్లుల్లి క్యాప్సూల్, చేపనూనె గోలీ, మల్టీవిటమిన్ మందుల కిందికి రావని అనుకొని చాలామంది వైద్యునికి చెప్పరు. మల్టీవిటమిన్‌లో విటమిన్ కె ఉండవచ్చు. వెల్లుల్లి క్యాప్సూళ్ళు రక్తస్రావాన్ని పెంచవచ్చు. గుండెకు మేలని పేరుపడ్డ చేపనూనెను అధిక మోతాదులో వాడినవారిలో గుండె లయ తప్పడం ఎక్కువగా కనబడింది. ఐఎన్ఆర్ పరీక్షకు వెళ్ళేటప్పుడు, పన్ను తీయించుకోవడానికి వెళ్ళేటప్పుడు కూడా, ఆ డబ్బాలన్నీ సంచిలో వేసుకొని వెళ్ళి వైద్యునికి చూపించండి.