గండోడికి ‘పిల్లి ఎయిడ్స్’ అట... పెంచుకోవచ్చా?

[కెమెరా పిల్లి ఎడమ చెవి మీద. అంచు చిరిగిపోయి ఉంది.]

ఈ చెవి చూశారా? వీడు మా గండోడు. నెల్లూరులో చేపల మార్కెట్ దగ్గర తిరుగుతూ పెరిగిన గండుపిల్లి. చెవి చిరిగిన ఇలాంటి కొట్లాటలోనే వీడికి ఎఫ్‌ఐవి, అంటే జనం ‘పిల్లి ఎయిడ్స్’ అనే జబ్బు తెచ్చే వైరస్, అంటుకుని ఉంటుంది.

ఇంటికి తెచ్చిన రోజే మా పెద్దమ్మ అడిగింది: “రేయ్, దానికి ఎయిడ్స్ అంట కదరా? ఇంట్లో పసిబిడ్డ ఉంది.”

భయం న్యాయమైందే. కానీ ఎఫ్‌ఐవి మనుషులకు రాదు, కుక్కలకూ రాదు. హెచ్‌ఐవి కుటుంబానికి చెందినదే అయినా ఇది పిల్లి జాతి వైరస్. 1986లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో, ఒకే చోట ఉంచిన పిల్లులు వరసగా జబ్బుపడుతుంటే, నీల్స్ పెడర్సన్, జానెట్ యమమోటో అనే పరిశోధకులు దీన్ని గుర్తించారు. ‘పిల్లి ఎయిడ్స్’ అన్న పేరు మాత్రం దండగ. ఆ పేరు వినే చాలామంది వెనక్కి తగ్గుతారు.

[టెస్ట్ కిట్ దగ్గరగా.]

రెండు మూడు చుక్కల రక్తం, పది నిమిషాలు. ఈ కిట్ చూసేది వైరస్‌ను కాదు, దాని మీద ఒంట్లో తయారైన యాంటీబాడీలను. అందుకే ఆరు నెలల లోపు పిల్లికూనకు పాజిటివ్ వస్తే కంగారు పడకండి. అవి తల్లి నుంచి వచ్చినవి కావచ్చు. ఆరు నెలలు దాటాక మళ్లీ చేయించండి. అన్ని క్లినిక్‌లలో కిట్ ఉండకపోవచ్చు, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

అంటుకునేది ముఖ్యంగా లోతుగా దిగిన పంటి గాటుతో. ఉమ్ములో ఉన్న వైరస్ నేరుగా ఒంట్లోకి పోతుంది. ఒకే గిన్నెలో తింటేనో, పక్కపక్కన పడుకుంటేనో అంటుకోవడం చాలా అరుదు. మా ఇంట్లో ఇంకో ఆడపిల్లి ఉంది. రెండింటికీ వేరే గిన్నెలు పెట్టాం, అది వైరస్ భయంతో కాదు, తిండి దగ్గర తగువు రాకుండా! మొదటి రెండు వారాలు తలుపు సందులోంచి వాసన మాత్రమే చూసుకోనిచ్చాం. గండోడికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాక సగం రౌడీయిజం తగ్గింది.

కష్టమల్లా తలుపులతోనే. రోహిణి కార్తెలో నెల్లూరులో తలుపులు మూసుకుని కూర్చోమంటే ఎవరు వింటారు? మేం కిటికీలకు, వరండాకు మెష్ కొట్టించాం. వాడు బయటికి పోతే రెండు నష్టాలు: ఇంకో పిల్లికి అంటించొచ్చు, ఊళ్లో ఉన్న జబ్బులన్నీ తెచ్చుకోవచ్చు. ఎఫ్‌ఐవి ఏళ్ల తరబడి ఊరుకున్నా, మెల్లగా రోగనిరోధక శక్తిని తగ్గిస్తుంది. చాలా పిల్లులు మామూలు వయసు దాకా బతుకుతాయి. వైరస్‌ను వదిలించే మందు మాత్రం లేదు.

[పిల్లి పైపెదవి వేలితో ఎత్తి చూపించాలి.]

ఇక్కడ చూడండి. పంటి మొదట్లో ఎర్రటి గీత ఉందా? గండోడు ఒక రోజు గిన్నె దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు, వాసన చూశాడు, ముఖం తిప్పేశాడు. ఆకలి లేక కాదు, చిగుళ్ల నొప్పి. ఈ పిల్లులకు నోటి సమస్య ఎక్కువ. వారానికోసారి పెదవి ఎత్తి చూడండి. నోట్లోంచి చొంగ కారినా, తిండి మానేసినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఆరు నెలలకోసారి చెకప్, పురుగుల మందు, గోమార్లు రాకుండా మందు తప్పవు. రేబిస్ టీకా గురించి డాక్టర్‌నే అడగండి.

ఇక తిండి. పచ్చి చేప తలకాయలు వద్దు, పచ్చి మాంసం అసలే వద్దు. అందులోని క్రిములను తట్టుకునే శక్తి వీళ్లకు తక్కువ. చేపల పులుసులో ముక్క కడిగి పెడతామంటారేమో, అదీ వద్దు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. చేపను ఉప్పూ కారం వేయకుండా ఉడికించి, ముళ్లు తీసి కొద్దిగా పెట్టండి. రోజూ మాత్రం క్యాట్ ఫుడ్డే.

[వంటింటి గడప. గండోడు కూర్చుని ఉన్నాడు, పెద్దమ్మ చేతిలో పళ్లెం.]

“ఆగరా, చల్లారనీ. ఇంకో ముల్లు ఉంది.”