ఈ చేప ఏ గెడ్డది?

శ్రోతలకు నమస్కారం. విశాఖలో చేపల మాటెత్తితే అందరి చూపూ హార్బరు మీదికే పోతుంది. ఇది ఇవాల్టి అలవాటు కాదు. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇక్కడ పనిచేసిన పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు ఈ తీరంలో 200 చేపలకు బొమ్మలు వేయించి, ఇక్కడి పేర్లతో సహా 1803లో లండన్‌లో అచ్చు వేయించాడు. వాటిలో ఎక్కువ సముద్రపువే. గెడ్డల్లో, అంటే వాగుల్లో, చెరువుల్లో బతికేవాటి లెక్క అప్పుడూ వెనకబడింది, ఇప్పుడూ అంతే.

ఏ చేప ఏ నీటిలో ఉందో పటం మీద చుక్క పెట్టడమేగా, అదెంత పని అనిపిస్తుంది. పూర్ణా మార్కెట్లో బేసిన్‌లో కదులుతున్న కొర్రమీనును చూడండి. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి ప్రాణంతోనే అమ్ముతారు. దొరికిన చోటు విశాఖ అని రాసేద్దామా? ఏ భీమవరం చెరువులోనో పెరిగి లారీ ఎక్కి వచ్చిందేమో! శారదా నదిలో గేలానికి పడిందా, మేఘాద్రి గెడ్డలో వలకు చిక్కిందా, ఏ నెలలో, నీరెంత లోతు, అడుగున ఇసుకా రాయా... ఇవి తెలిస్తేనే ఆ చుక్కకు విలువ. వలకు పడనంత మాత్రాన చేప లేదనీ రాయకూడదు. అందుకే ఇప్పుడు నీటిని వడకట్టి, చేపలు వదిలిన డీఎన్‌ఏ జాడలు కూడా వెతుకుతున్నారు.

ఇక గోస్తని సంగతి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా దిగి, తాటిపూడి రిజర్వాయరు దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక ఈ చిన్న నదే మూడు జిల్లాల పాలైంది. జిల్లాకో జాబితా రాసుకుంటే నది ఏ జాబితాలోనూ పూర్తిగా ఉండదు. మంచినీటి చేపల పటాలకు నదీ పరీవాహక ప్రాంతాన్నే కొలతగా తీసుకునేది అందుకే. పాములా పొడుగ్గా ఉండే మలుగుపాము అనే చేప సముద్రంలో గుడ్లు పెడుతుంది, పిల్లలు ఏటికి ఎదురెక్కి వచ్చి పెరుగుతాయి. కింద ఆనకట్ట దారి మూసేశాక పైన కొండవాగులో వేట నిషేధించి ఏం లాభం?

పటం లేకపోతే వచ్చే నష్టం ఇంకొకటుంది. దోమలకని చెరువుల్లో గంబూషియా చేపలు వదులుతుంటారు. అమెరికా నుంచి వచ్చిన ఈ చేప మన చేపల గుడ్లనూ పిల్లలనూ వదలదు. తల మీద వెండి చుక్కతో, నీటి పైపొరలోనే తిరిగే చిట్టి చేప మనకే ఒకటుంది, అదీ దోమ పిల్లల్ని తింటుంది. డబ్బాలు ఒంపే ముందు ఆ చెరువులో ఇదుందేమో చూడమని సంబంధిత శాఖలకు నా మనవి. వానలు పడకముందే చూస్తే ఇంకా మంచిది. సెలవు.