వక్రరేఖ చుట్టూ గీసే పట్టీ

అందరికీ నమస్కారం.

సరళరేఖతో మనకు పేచీ లేదు. గణాంకాల సాఫ్ట్‌వేర్ ‘ఆర్’లో ‘ఎల్‌ఎమ్’ ఫంక్షన్‌తో డేటాకు గీత అమర్చి, ‘ప్రిడిక్ట్’ను కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు గీత ఉండగల పరిధి) అడిగితే పై హద్దు, కింది హద్దు రెండూ ఇస్తుంది. ఆ రెంటి మధ్య భాగమే పట్టీ. ‘ఎన్‌ఎల్‌ఎస్’తో అమర్చిన వక్రరేఖకు అదే అడిగి చూడండి. కాదనదు, హెచ్చరించదు, అంచనాలు మాత్రం ఇచ్చి ఊరుకుంటుంది. ఆ కోరికను లెక్కలోకి తీసుకోదని సహాయ పుటలోనే ఉంది. చదివేదెవరు?

అప్పుడు చాలామంది దొడ్డిదారి పడతారు. పారామీటర్ల (సమీకరణంలో డేటా నుంచి అంచనా వేసే సంఖ్యల) పై హద్దులన్నీ కలిపి ఒక గీత, కింది హద్దులన్నీ కలిపి మరో గీత గీసి, మధ్యలో రంగు నింపుతారు. ఎంత తప్పో చూద్దాం. ఆర్‌తోపాటే వచ్చే ప్యూరోమైసిన్ డేటాలో, మందు వాడిన కణాలవి 12 కొలతలు. ఎంజైము చర్య వేగం గాఢతను బట్టి ఎలా పెరుగుతుందో చెప్పే మైకేలిస్–మెంటన్ సమీకరణం అమరిస్తే గరిష్ఠ వేగం 212.7, కె విలువ (వేగం గరిష్ఠంలో సగమయ్యే గాఢత) 0.0641 వస్తాయి. 95 శాతం హద్దులు తీసుకుని, గాఢత 0.02 దగ్గర లెక్కకట్టండి. ‘పై’ గీత సుమారు 44 దగ్గర, ‘కింది’ గీత సుమారు 60 దగ్గర ఉంటాయి! కె పెరిగితే వక్రరేఖ కిందికి దిగుతుంది మరి.

ఈ రెండు పారామీటర్ల మధ్య సహసంబంధం 0.77 దాకా ఉంది. ఒకటి పెరిగితే రెండోదీ పెరుగుతుంది. పారామీటర్ల అనిశ్చితి నుంచి వక్రరేఖ అనిశ్చితిని లెక్కకట్టే డెల్టా పద్ధతి దీన్ని వదిలిపెట్టదు. ప్రతి బిందువు దగ్గర వక్రరేఖను ఒక్కో పారామీటర్‌తో అవకలనం చేసి, ‘వీకోవ్’ ఫంక్షన్ ఇచ్చే మాత్రికను (పారామీటర్ల విస్తృతులు, సహవిస్తృతుల పట్టిక) ఆ విలువలతో రెండువైపులా గుణిస్తే వక్రరేఖ అంచనా విస్తృతి వస్తుంది. దాని వర్గమూలాన్ని 95 శాతానికి తగ్గ టీ విలువతో గుణిస్తే పట్టీ సగం వెడల్పు. నాలుగైదు వరుసల కోడ్, అంతే. గాఢత 1.10 దగ్గర ఇది సుమారు 12. సహసంబంధాన్ని పక్కన పెడితే 15 అవుతుంది.

ఈ 12 సగటు వక్రరేఖకు సంబంధించినది. రేపు తీసే ఒక్క కొత్త కొలత ఎక్కడ పడుతుందో చెప్పాలంటే కొలతల చెదురును కూడా కలపాలి. అప్పుడు సుమారు 27. రెండింతలు దాటింది. ఏది గీశారో బొమ్మ కింద రాయనివారి పట్టీని నేనైతే నమ్మను.

గాఢత సున్నా దగ్గర పట్టీ వెడల్పూ సున్నాయే. అక్కడ మనకు కొలతే లేదు! సమీకరణం సున్నా గుండా వెళ్ళి తీరాలి కాబట్టి అలా వస్తుంది. ఆ ధీమా సమీకరణానిది, డేటాది కాదు. సమీకరణమే తప్పయితే పట్టీ ఆ సంగతి చెప్పదు.

ఇక డెల్టా పద్ధతి వక్రరేఖను స్థానికంగా సరళరేఖ అనుకుంటుంది, అందుకే దాని హద్దులు ఎప్పుడూ సౌష్ఠవంగా వస్తాయి. కె విషయంలో అవి 0.046, 0.083. ‘కాన్‌ఫింట్’ ఫంక్షన్ ప్రొఫైల్ పద్ధతిలో (ఒక పారామీటర్‌ను కదుపుతూ మిగతావాటిని మళ్ళీ అమర్చి చూసే పద్ధతి) ఇచ్చేవి 0.047, 0.086, పైవైపు కాస్త ఎక్కువ సాగాయి. ఇక్కడ తేడా స్వల్పమే. కొలతలు తక్కువగా ఉండి, వక్రరేఖ పైన చదునయ్యేలోపే డేటా ఆగిపోతే మాత్రం తేడా బాగా పెరుగుతుంది. అలాంటప్పుడు బూట్‌స్ట్రాప్ (డేటా నుంచే మళ్ళీ మళ్ళీ నమూనాలు తీసి, ప్రతిసారీ వక్రరేఖ అమర్చడం) చేసి, వచ్చిన వక్రరేఖలన్నీ ఒకే బొమ్మలో గీసి చూడండి.